కాలవ చివరి ఊరూ, ముప్పై ఆరు నిముషాలూ

మూడు గంటల పరీక్షలో పద్దెనిమిది నిముషాలు ఒట్టి మర్యాదకే ఖర్చు పెట్టిన తెలివితక్కువవాణ్ణి నేను. పోనీ ఎదురుగా మనిషున్నాడా అంటే అదీ లేదు. ఉన్నవల్లా గీతల కాగితాలు, నల్ల ఇంకు పెన్ను, గోడ మీద ఒక గడియారం. అయినా మర్యాద చేశాను. పుట్టి పెరిగిన అలవాటు.

మా గోదావరి వైపు ఎవరింటికైనా పనిబడి వెళ్తే, వచ్చిన పని చివర్లో గేటు దగ్గర చెప్పులేసుకుంటూ చెప్తాం. ముందు ఎండ గురించి, తర్వాత పిల్లల చదువుల గురించి మాట్లాడతాం. కాఫీ వద్దంటాం. వద్దన్న కాఫీ తాగుతాం. నా వ్యాసాలూ అలాగే నడిచేవి. పీఠిక అనే మాటని నేను మరీ నమ్మేశాను. దిద్దేవారికి నిజంగానే పీట వేసి, మంచినీళ్ళిచ్చి, విసనకర్ర అందించి, అప్పుడు గానీ విషయంలోకి వచ్చేవాణ్ణి కాదు. ప్రశ్న ఏ రాజవంశం మీదైనా సరే, "నాగరికతలన్నీ నదీతీరాల్లోనే వెలిశాయన్నది మనకు తెలిసినదే" అని ఎత్తుకునేవాణ్ణి. ఆయనకి తెలిసినదేనని నాకూ తెలుసు. తెలిసింది చెప్తే ఎవరూ నొచ్చుకోరు కదా అని.

దానికి తోడు కాదనలేని జబ్బు ఒకటి. మా ఊళ్ళో 'కాదు' అనే మాట ఎప్పుడూ సొంత ముఖంతో బయటికి రాదు. 'చూద్దాం లెండి' అని వేషం కట్టుకుని వస్తుంది. పరీక్షలో ఒక అభిప్రాయం ఇచ్చి 'విమర్శనాత్మకంగా పరిశీలించండి' అంటే, ఎవరో పెద్దమనిషి మా అరుగు మీద కూర్చుని ఒక మాటన్నట్టే అనిపించేది నాకు. మూడు పేజీల పొడుగునా అవునండి, అవునండి అనేవాణ్ణి. ఆయన విమర్శించమంటే నేను పరామర్శించి వచ్చేవాణ్ణి.

ఇలా మూడుసార్లు గ్రూప్స్ పరీక్ష పోయింది. నాలుగోది మిగిలింది. వయసు పరిమితి లెక్కన నాకు అదే ఆఖరిది. ఆ తర్వాత రాస్తానన్నా రాయనివ్వరు. అప్పటికి పెళ్ళయి ఆరేళ్ళు. ఎవరేనా "ఏం చేస్తుంటారండి?" అని అడిగితే "ప్రిపేరవుతున్నానండి" అనే వయసు దాటిపోయి చాలా కాలమైంది.

రాజమండ్రిలో నాకు కోచింగిచ్చిన మాస్టారు పేరున్న మనిషి. ఆయన పొలాలు ధవళేశ్వరం దిగువన, కాలవ మొదట్లోనే ఉండేవి. గేట్లు ఎత్తగానే నీళ్ళు ముందు ఆయన చేలోకి దిగి, ఆ తర్వాతే లోకం మీదికి బయల్దేరేవి. ఆయన గొంతు బంగారం. ఆ గొంతుతో బస్సుల టైములు చదివినా జనం చప్పట్లు కొడతారు. అందుకే ఊళ్ళో ఏ సభ జరిగినా ఆయన ఉండాల్సిందే. ఉపన్యాసం ఎవరో రాసిస్తారు, ఆయన వేదికెక్కాకే దాన్ని మొదటిసారి చూస్తారు. ముందే చదివితే తాజాదనం పోతుందట.

"ప్రశ్నతో దెబ్బలాడకూడదయ్యా," అనేవారు మాస్టారు క్లాసులో. "పేపరు తయారుచేసినాయన మనకన్నా పెద్దాయన. ఆయనన్నది ఒప్పుకో. ఒప్పుకుని అందంగా చెప్పు. ఆయ్."

నాకు ప్రాణం లేచొచ్చేది. నా జబ్బునే ఆయన మందని చీటీ రాసిస్తున్నారు మరి.

మా నాన్న మాత్రం ఒప్పుకోలేదు. నాన్న మండపేటలో ఒక రైస్ మిల్లులో పనిచేసేవాడు. లారీలో ధాన్యం రాగానే, మొన తేలిన ఇనుప గొట్టాన్ని బస్తాలోకి గుచ్చి, గొట్టంలో పడ్డ గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని, తేమెంత, గింజ లేని తాలెంత, నూకెంత అని చెప్పడం ఆయన పని. ఒక మధ్యాహ్నం మిల్లు వరండాలో నేను వాచీ పెట్టుకుని వ్యాసం సాధన చేస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"దిద్దేవాడు ఒక్కో వ్యాసం ఎంతసేపు చూస్తాడ్రా?"

"మూడు నాలుగు నిముషాలేమో నాన్నా. బోలెడు పేపర్లుంటాయి కదా."

"అయితే బస్తా విప్పడన్నమాట. గుచ్చుతాడు." అరచెయ్యి నా కాగితం మీద పెట్టాడు. "గుచ్చినచోటల్లా గింజ తగలాలి. నువ్వేమో బస్తా మూతి మీద పూలు చల్లుతున్నావ్."

"అవి పూలు కాదు నాన్నా, ఉపోద్ఘాతం."

"ఏదైతేనేం. తాలే."

నవ్వేశాను. డిగ్రీలున్నవాణ్ణి, అప్పుడు నవ్వకపోతే ఎప్పుడు నవ్వుతాను!

పరీక్ష రాజమండ్రిలోనే పడింది. చరిత్ర పేపరు, అయిదు వ్యాసాలు, మూడు గంటలు. ఒక్కోదానికి ముప్పై ఆరు నిముషాలు. గంట కొట్టారు. పేపరు తిప్పాను. మొదటి ప్రశ్నే ఇది: 'గోదావరి ఆనకట్ట డెల్టా ప్రజలందరి జీవితాలను మెరుగుపరిచింది. విమర్శనాత్మకంగా పరిశీలించండి.'

ఒక్క క్షణం నా చుట్టూ ఉన్న రాష్ట్రమంతటి మీదా జాలేసింది. ఎక్కడెక్కడివాళ్ళో దీన్ని పుస్తకాల్లో చదివి రాయాలి. నేను ఆ నీళ్ళు తాగి రాస్తాను!

మా ఇంట్లో దేవుడి అలమరలో ఆనకట్ట కట్టించిన దొర పటం ఉంది. నాన్న పొద్దున్నే స్నానం చేసొచ్చి వరసగా అందరికీ దండం పెట్టుకుంటూ, ఆ టోపీ దొరకి కూడా పెట్టుకునే మిల్లుకి వెళ్ళేవాడు. ఆయన చేతిలో పడే ప్రతి గింజా ఆ దొర కాలవ తాగి పెరిగిందే. కాబట్టి ఆ దండంలో నాకెప్పుడూ వింత కనపడలేదు.

కానీ ఆ ప్రశ్నలో 'అందరి' అనే మాట ఉంది. దాని దగ్గర మా అమ్మమ్మ అడ్డం వచ్చి నిలబడింది.

అమ్మమ్మ ఊరు సముద్రానికి దగ్గర. కాలవ వెళ్ళి వెళ్ళి, నీరసపడి, ఇంక కాలవ అనిపించుకోలేక ఆగిపోయేచోట ఉంటుంది. అలాంటి చివరి భూముల్ని మా వైపు శివారు అంటారు. రెండో పంట, దాళ్వా వేసే రోజుల్లో నీళ్ళు చాలక వంతులు వేస్తారు: ఇన్నాళ్ళు ఎగువవాళ్ళకి, ఇన్నాళ్ళు దిగువవాళ్ళకి. "మా వంతు వచ్చిన రోజు నీళ్ళు రావు, నీళ్ళొచ్చిన రోజు వంతు మాది కాదు," అనేది అమ్మమ్మ. ఎండాకాలం ఉప్పునీరు డ్రెయిను కాలవ వెంబడి ఎదురొచ్చి బావుల్లో చేరేది. తాగే నీళ్ళ కోసం బిందెలు పట్టుకుని పక్క ఊరికి నడిచేవాళ్ళు. ఒక ఏడాది కంకి వేయబోతూ పొట్ట మీదున్న చేను ఎండిపోతుంటే తాతయ్యా, ఇంకో పదిమందీ నీళ్ళు వదలమని పైఊరి కాలవ గేటు దగ్గరికి వెళ్ళి దెబ్బలు తిని వచ్చారు. మా ఇంటికొచ్చినప్పుడల్లా అమ్మమ్మ దేవుళ్ళందరికీ దండం పెట్టి, దొర దగ్గరికొచ్చేసరికి చేతులు దించేసేది.

"అదేంటత్తయ్యా?" అని నాన్న అడిగితే, "మీ దొర మీకే అల్లుడుగారూ. మా ఊరొచ్చేసరికి ఆయనకి నీళ్ళైపోయాయి," అనేది.

వ్యాసం అంటే అదే కదా! ఆనకట్ట అన్నం పెట్టింది నిజం, అందరికీ సమానంగా పెట్టలేదు, ఇదిగో సాక్ష్యం. వాదన ఉంది, రుజువుంది, ఊరుంది, మనిషుంది. ఆ హాల్లో మరెవరి దగ్గరా లేని గింజ నా గుప్పిట్లో ఉంది. చిత్తు రాసుకునే పేజీలో 'అమ్మమ్మ' అని ఒక మాట రాశాను కూడా.

తర్వాత ఆలోచించాను. నాకు అచ్చిరాని పని అదే. ప్రశ్న ఇచ్చినాయన ఏమనుకుంటాడు? దొరని పట్టుకుని మాటంటావా అనుకోడూ? ఒక ముసలావిడ గొణుగుడు చరిత్ర అవుతుందా? ప్రశ్నతో దెబ్బలాడకూడదయ్యా అన్న బంగారు గొంతు చెవిలో మోగింది. అమ్మమ్మ మీద అడ్డంగా ఒక గీత గీశాను. నిదానంగా, స్కేలు పెట్టి మరీ.

ఇక పీట వేయడం మొదలుపెట్టాను. గోదావరి పడమటి కొండల్లో పుట్టింది దగ్గర్నుంచి ఎత్తుకున్నాను. నదిని నాసిక్ దాటించి, భద్రాచలం దాటించి, పాపికొండల మధ్య కాసేపు అందాలు చూపించి, మెల్లిగా ధవళేశ్వరం తీసుకొచ్చేసరికి పద్దెనిమిది నిముషాలు. నది కూడా అంత తీరిగ్గా వచ్చి ఉండదు. ఆ తర్వాత దొరకి హారతి పట్టాను. కరువు పోయింది, పంటలు పండాయి, ఊళ్ళు పెరిగాయి, మిల్లులు వెలిశాయి. ఒక్కటీ అబద్ధం కాదు. ఆ పేజీల్లో ఏ మాట మీద వేలు పెట్టినా నిజమే తగులుతుంది. నేను మాత్రం ఎక్కడా తగలను. 'సకల జనులూ సుఖసంతోషాలతో వర్ధిల్లుతున్నారు' అని ముగించి తలెత్తితే యాభై అయిదు నిముషాలైంది.

ఆ సకల జనుల్లో అమ్మమ్మని కూడా నేనే కలిపేశాను.

తర్వాతి మూడు వ్యాసాలకీ పీటలు వేయకుండా ఉండలేకపోయాను. అయిదోదానికి తొమ్మిది నిముషాలు మిగిలాయి. రెండు పేరాలు రాసి మూడోదాంట్లో 'అయితే' అని మొదలుపెట్టాను. గంట కొట్టారు. నా జీవితంలో పరీక్ష కాగితం మీద నేను రాసిన మొదటి 'అయితే' అదే. దాని తర్వాత ఏముందో ఎవరికీ తెలీదు. నాతో సహా.

ఆ వేళ నాన్న మిల్లుకి సెలవు పెట్టి వచ్చి, గేటు బయట చెరుకురసం బండి నీడలో నిలబడి ఉన్నాడు.

"ఏమొచ్చింది?"

"ఆనకట్ట."

నాన్న మొహం వెలిగింది. "అమ్మమ్మ ఊరి సంగతి రాశావా?"

రోజూ ఆ పటానికి దండం పెట్టే మనిషి మొదట అడిగింది అది!

"నువ్వు దండం పెట్టుకుంటావు కదా నాన్నా ఆయనకి. అందుకని…" అని ఏదో అనబోయాను.

"దండం వేరు, పరీక్ష వేరు కదరా," అన్నాడు నాన్న. బస్సు ఎక్కాక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. దారి పొడుగునా కాలవ నిండుగా పారుతోంది.

వారం తిరక్కుండా అమ్మమ్మని చూడ్డానికి వెళ్ళాను. కబురు నాకంటే ముందే చేరింది. అమ్మ ఫోన్లో చెప్పేసింది.

"ఏరా, గవర్నమెంటువాళ్ళు మా కాలవ గురించి అడిగారంటగా నిన్ను?"

"ఆయ్, అడిగారమ్మమ్మా."

"రాశావా?"

"రాశాను."

"మొత్తం?"

"మొత్తం."

"మీ తాతయ్యకి తల పగిలింది కూడా?"

"అదీ రాశాను."

అమ్మమ్మ రెండు చేతులతో నా కుడిచెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే నిమిరింది. తర్వాత వీధిలోకి వెళ్ళి పక్కింటావిడతో అంటోంది: "మనం ఎన్ని అర్జీలు పెట్టినా ఎవడూ చూళ్ళేదు కదే. ఇప్పుడు వాళ్ళే అడిగి రాయించుకున్నారు. మా వాడు మూడు గంటలు కదలకుండా కూర్చుని రాశాడంట."

పరీక్ష కాగితానికీ అర్జీ కాగితానికీ తేడా ఆవిడకి నేను చెప్పలేదు. చెప్పాలంటే ముందు ఆ కాగితంలో ఏముందో చెప్పాలి.

ఫలితాల్లో మూడు మార్కులతో పోయింది. ఏ ప్రశ్నకి ఎన్ని వేశారో వాళ్ళు చెప్పరు. నాకు చెప్పక్కర్లేదు. ఆ మూడు మార్కులూ ఏ ఊళ్ళో ఉంటాయో, ఏ బస్సెక్కితే వెళ్ళచ్చో కూడా తెలుసు.

ఆ ఏడు దాళ్వాలో కాలవ చివరికి నీళ్ళు రాలేదు. "కాయితం ఇంకా వాళ్ళ చేతికి అంది ఉండదు," అంది అమ్మమ్మ. మరుసటేడూ రాలేదు. "చాలామంది రాసుంటారు కదరా. మన వంతు రావాలి," అంది. వంతు అనే మాట మీద ఆవిడకి ఇంకా నమ్మకం ఎలా మిగిలిందో నాకర్థం కాలేదు. మూడో ఏడాది ఎండల్లో అమ్మమ్మ పోయింది. పోయేముందు నా వ్యాసం గురించి ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని కొన్నిసార్లు, అడగకపోవడమే నయమని కొన్నిసార్లు అనుకుంటాను. చాలాసార్లు ఏమీ అనుకోలేను.

ఆ తర్వాత నేను ఏమయ్యానంటే, అదే కోచింగ్ సెంటర్లో వ్యాసరచన నేర్పే మాస్టార్నయ్యాను. తప్పిన పరీక్షని తప్పకుండా నేర్పడం నా ఉద్యోగం. "మొదటి అయిదు నిముషాలు పెన్ను ముట్టుకోకండి. ప్రశ్నలో ఏ మాట దగ్గర మీకు గుచ్చుకుందో చూడండి. మీ జవాబు మొదటి వాక్యంలోనే చెప్పేయండి. చిత్తుపేజీలో మొదట రాసుకున్న మాటని కొట్టేయకండి," అని చెప్తాను. ఆఖరిది ఎందుకు చెప్తానో పిల్లలకి తెలీదు. శ్రద్ధగా రాసుకుంటారు.

వాళ్ళు పాసవుతారు. తాపేశ్వరం కాజాలు పట్టుకుని వచ్చి "అంతా మీ దయే మాస్టారూ" అంటారు. కాదనలేక తింటాను. తిని తిని, వాళ్ళ గెలుపంతా నాకు షుగరై కూర్చుంది. వాళ్ళు ఉద్యోగాల్లో చేరడానికి వెళ్ళిపోతారు. నేను బోర్డు తుడుచుకుని మళ్ళీ ఆ హాల్లోకి వెళ్ళి కూర్చుంటాను. స్నానం చేస్తుంటే, బస్సులో వెళ్తుంటే, కూర తరుగుతుంటే ఆ వ్యాసం రాస్తూనే ఉంటాను. రోజూ బాగానే వస్తుంది. రోజూ ముప్పై ఆరు నిముషాల్లోనే అయిపోతుంది. తీసుకునేవాళ్ళే ఎవరూ లేరు. ఇల్లాలు పిలిస్తే ఉలిక్కిపడతాను. "మళ్ళీ హాల్లో ఉన్నారా?" అంటుంది. తనకి అలవాటైపోయింది. నాకే కాలేదు.

ఈ వేసవిలో మా బంగారు గొంతు మాస్టారు నన్ను గదిలోకి పిలిచారు.

"ఆదివారం ధవళేశ్వరంలో దొర జయంతి సభండి. నన్ను మాట్లాడమన్నారు. పది నిముషాలకి సరిపడా ఓ ఉపన్యాసం రాసిపెట్టండి మాస్టారూ. పీఠిక ఘనంగా ఉండాలి. ఆయ్."

"చూద్దాం లెండి," అన్నాను. ఆయన సరే అన్నాననుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఖాళీ క్లాసురూములో చివరి బెంచీ మీద కూర్చున్నాను. వాచీ తీసి ఎదురుగా పెట్టాను. అయిదు నిముషాలు పెన్ను ముట్టుకోలేదు. చిత్తుకాగితం మీద 'అమ్మమ్మ' అని రాశాను. కొట్టేయలేదు. ముప్పై ఆరో నిముషానికి పెన్ను మూత పెట్టాను. శుభ్రంగా మడతపెట్టి ఇస్తే మాస్టారు చూడకుండానే లాల్చీ జేబులో పెట్టుకున్నారు.

ఆదివారం పొద్దున దొర విగ్రహం దగ్గర షామియానా వేశారు. దండలు పడ్డాయి. మాస్టారు మైకు ముందుకొచ్చి, కాగితం విప్పి, గొంతు సవరించుకున్నారు. "ఈ ఆనకట్ట మనకి అన్నం పెట్టింది. కానీ అందరికీ ఒకే విస్తట్లో పెట్టలేదు." ఆ గొంతులో ఆ మాట ఎంత బాగుందో! ముందు వరసలో ఎవరో "ఆహా" అన్నారు కూడా. అర్థం ఇంకా ఎవరికీ అందలేదు. మాస్టారికి కూడా.

"మాది కాలవ చివరి ఊరు," అని చదివి మాస్టారు ఒక్క క్షణం ఆగారు. కాగితం మీంచి తలెత్తి జనంలో నాకోసం వెతికారు. నేను మంచినీళ్ళ డ్రమ్ము పక్కన చేతులు కట్టుకుని, వినయంగా నేలవైపు చూస్తున్నాను. వేదికెక్కాక మధ్యలో ఆపేయడం మర్యాద కాదు. చదవాల్సిందే. "మా అమ్మమ్మ తాగే నీళ్ళ కోసం బిందె పట్టుకుని పక్క ఊరికి నడిచేది. మా తాతయ్య చేలోకి నీళ్ళు అడగబోయి, పైఊరి గేటు దగ్గర తల పగలగొట్టించుకుని వచ్చాడు." చదివేకొద్దీ ఆయన గొంతు వణికింది. కోపమో, కంగారో. జనం మాత్రం దుఃఖమనుకున్నారు.

చప్పట్లు మారుమోగాయి. నాకేం భ్రమల్లేవు. ఆ చప్పట్లతో శివారుకి చుక్క నీరు చేరదు. నా మూడు మార్కులూ వెనక్కి రావు. వినాల్సిన మనిషి ఎలాగూ లేదు. మా జనం మర్యాదస్తులు, ఏం చదివినా కొడతారు.

సభ అయ్యాక ఇరిగేషన్లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చి మాస్టారి చేతులు రెండూ పట్టుకున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు.

"మీ అమ్మమ్మగారు అంత కష్టపడ్డారని మాకు తెలీదండి. మీవి కాలవ మొదట్లో పొలాలనే అనుకున్నామండి ఇన్నాళ్ళూ."

మాస్టారు నావైపు చూశారు. చుట్టూ జనం. ఎదురుగా కన్నీళ్ళు పెట్టుకున్న పెద్దమనిషి. కాదనడం ఆయనకీ చేతకాదు. ఒప్పుకుని అందంగా చెప్పే విద్య నాకు నేర్పింది ఆయనే.

"అవునండి," అన్నారు మాస్టారు. "పాపం, చాలా కష్టపడిందండి మా అమ్మమ్మ."